పిల్లి నీళ్ళగిన్నె మీద ఒక కన్ను

పిల్లి నీళ్ళు ఎక్కువగా తాగుతోందంటే చాలా ఇళ్ళలో పట్టించుకోరు. ఎండలు కదా, తాగనీ అంటారు. కుక్క విషయంలో ఆ మాట కొంతవరకు చెల్లుతుందేమో కాని పిల్లి విషయంలో చెల్లదు. మన పెంపుడు పిల్లికి పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియాల్లోని పొడినేలల్లో తిరిగిన అడవిపిల్లులు. వేటాడి తిన్న ఎలుకల్లో, పిట్టల్లో ఉన్న తడితోనే అవి చాలావరకు గడుపుకొనేవి. మూత్రాన్ని బాగా చిక్కబరచి నీటిని ఒంట్లోనే నిలుపుకొనే శక్తి వాటి మూత్రపిండాలకు ఉంది. అందుకే పిల్లికి దాహం తక్కువ. అలాంటిది పదేపదే నీళ్ళగిన్నె దగ్గరికి వెళుతోందంటే ఆ శక్తి తగ్గుతోందేమోనని అనుమానించాలి.

మా ఇంట్లో ఈ అనుమానం మొదట వచ్చింది మా అత్తగారికి. చిట్టికి అప్పటికి పదకొండేళ్ళు. "అమ్మాయ్, దీని ట్రేలో ఇసుక పది రోజులు వచ్చేది, ఇప్పుడు వారానికే అయిపోతోంది. ముద్దలు కూడా పెద్దవిగా కడుతున్నాయి" అన్నారావిడ. అంతకుమించి ఏ తేడా లేదు. తింటోంది, ఆడుతోంది, కిటికీలో కూర్చుని పావురాలను చూసి పళ్ళు టకటకలాడిస్తోంది. ఆ శనివారమే రక్తం, మూత్రం పరీక్ష చేయించాం. క్రియాటినిన్ 2.3 వచ్చింది. రెండు వారాలాగి మళ్ళీ చేయించినా దాదాపు అంతే. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి, రెండో దశ అన్నారు డాక్టరుగారు.

ఈ జబ్బు అరుదైనదేమీ కాదు. పదేళ్ళు దాటిన పిల్లుల్లో 30 నుంచి 40 శాతం వరకు దీని బారిన పడతాయని పశువైద్యులు చెబుతారు. చిక్కల్లా అది కనబడే తీరులోనే ఉంది. పిల్లికి ఒక్కో మూత్రపిండంలో సుమారు రెండు లక్షల నెఫ్రాన్లు, అంటే వడపోత గొట్టాలు, ఉంటాయి. వాటిలో మూడింట రెండు వంతులు పోయేదాకా మూత్రం పలచబడదు. నాలుగింట మూడు వంతులు పోయేదాకా క్రియాటినిన్ హద్దు దాటదు. మిగిలినవి ఆ భారమంతా మోస్తూ, పైకి ఏమీ తెలియనివ్వకుండా అరిగిపోతుంటాయి.

మన భాషలో చెప్పాలంటే క్రియాటినిన్ పెరగడం ఎన్‌పీఏ లాంటిది. 90 రోజులు దాటాక ఆ ముద్ర పడుతుంది; నష్టం మాత్రం అంతకు ముందే మొదలై ఉంటుంది. అందుకే మనం ఎస్‌ఎంఏ-0, ఎస్‌ఎంఏ-1, ఎస్‌ఎంఏ-2 అని ముందునుంచే గుర్తులు పెట్టుకుంటాం. ఒక్కటే తేడా. బకాయి మొత్తం కడితే ఎన్‌పీఏ ఖాతా మళ్ళీ స్టాండర్డ్ అవుతుంది. పోయిన నెఫ్రాన్ తిరిగి రాదు.

పిల్లికి ఎస్‌ఎంఏ గుర్తులు మూడు: నీళ్ళు, ఇసుక, బరువు. మొదటి రెండూ కంటికి కనబడతాయి. బరువు కనబడదు, బొచ్చు దాచేస్తుంది. ఈ జబ్బు బయటపడిన 500కు పైగా పిల్లుల పాత రికార్డులను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2016లో వెలువడింది. నిర్ధారణకు మూడేళ్ళ ముందే బరువు తగ్గడం మొదలైందని, చివరి పన్నెండు నెలల్లో తగ్గినది మధ్యస్థంగా 8.9 శాతమని అందులో తేలింది. నాలుగు కిలోల పిల్లికి అది 350 గ్రాములు. ఎత్తుకుంటే తెలియదు. 65 కిలోల మనిషి ఏడాదిలో ఆరు కిలోలు తగ్గితే మాత్రం ఇంటిల్లిపాదీ కంగారుపడతాం. సూట్‌కేసులు తూచే చిన్న డిజిటల్ కాటా ఉంటే చాలు. పిల్లిని గుడ్డసంచిలో కూర్చోబెట్టి నెలకోసారి తూచి, క్యాలెండరు మీద రాసుకోవచ్చు. మా ఇంట్లో ఒకటో తారీఖు పని అది; చిట్టికి అస్సలు నచ్చదు.

నోటి దుర్వాసన, వాంతులు, మలబద్ధకం, తిండి మీద విముఖత, బొచ్చు నెరవకుండా వదిలేయడం, ఇవన్నీ తరువాత వచ్చేవి. వీటికోసం ఎదురుచూడకూడదు. ఇంకో జాగ్రత్త. చక్కెర వ్యాధిలోనూ, థైరాయిడ్ ఎక్కువైనప్పుడూ పిల్లి ఇలాగే నీళ్ళు తాగి చిక్కిపోతుంది. అందుకని ఇంట్లోనే జబ్బు పేరు ఖాయం చేసుకోకుండా పరీక్ష చేయించాలి. ఏడేళ్ళు దాటాక ఏటా ఒకసారి, పదేళ్ళు దాటాక ఏటా రెండుసార్లు చేయించడం మంచిది. రక్తంలో క్రియాటినిన్, యూరియా, ఫాస్ఫరస్, పొటాషియం, మూత్రంలో సాంద్రత, ప్రోటీన్, వీటితోపాటు బీపీ. మూత్ర సాంద్రత 1.035 కన్నా తక్కువగా ఉంటే ఎందుకో తేల్చుకోవాలి. ఎస్‌డీఎంఏ అనే పరీక్ష దొరికే చోట అదీ అడగండి. క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది కాబట్టి, బాగా చిక్కిపోయిన పిల్లిలో అది ఉండవలసినదానికన్నా తక్కువగా కనబడి మోసం చేస్తుంది. ఎస్‌డీఎంఏకి ఆ బెడద లేదు. ఊళ్ళో వసతి లేనివారికి తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి.

దశలు నాలుగు. క్రియాటినిన్ డెసిలీటరుకు 1.6 మిల్లీగ్రాములలోపు ఉంటే మొదటిది, 2.8 వరకు రెండోది, 5 వరకు మూడోది, ఆపైన నాలుగోది. ఈ అంకెలు ఎందుకు ముఖ్యమో 2008లో వచ్చిన మరో అధ్యయనం చెబుతుంది. రెండో దశ చివర్లో బయటపడిన పిల్లులు మధ్యస్థంగా 1,151 రోజులు బతికాయి. మూడో దశలో 778 రోజులు. నాలుగో దశలో 103. మా అత్తగారు ఇసుక ముద్దలు గమనించడానికి ఉన్న విలువ నాకు ఈ మూడు అంకెల్లో అర్థమైంది.

ఇక తిండి. మన తెలుగిళ్ళలో అసలు తగవు ఇక్కడే. కిడ్నీ జబ్బుకు ప్రోటీన్ తగ్గించాలని మనుషుల వైద్యంలో విని ఉంటాం కనుక, "అయితే పెరుగన్నం పెడితే సరి" అనుకుంటాం. మాది గుడ్డు కూడా వండని ఇల్లు, అత్తగారు మొదట అన్న మాట కూడా ఇదే. పెరుగన్నం పనికిరాదు. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. టారిన్ అనే పదార్థం దానికి మాంసం, చేపల నుంచే అందాలి; లేకపోతే గుండె, కళ్ళు దెబ్బతింటాయి. పాలు, పెరుగులో ఫాస్ఫరస్ కూడా తక్కువేమీ కాదు. అరిగిన మూత్రపిండాలు బయటికి పంపలేనిది ఆ ఫాస్ఫరస్‌నే. ఎండుచేపలు అసలే వద్దు, ఫాస్ఫరస్‌కు ఉప్పు తోడవుతుంది. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు ఆరోగ్యంగా ఉన్న పిల్లికే ప్రమాదం, రక్తకణాలు పగిలిపోతాయి.

కిడ్నీ జబ్బు పిల్లులకోసం తయారుచేసిన ఆహారంలో ఫాస్ఫరస్ తగ్గించి, టారిన్ సరిపడా ఉంచి, ప్రోటీన్ మేలైనది కొద్దిగా వాడతారు. మామూలు పిల్లి ఆహారం కన్నా బాగా ఖరీదు. నెల బడ్జెట్‌లో దానికో పద్దు రాసుకోవాల్సిందే. పాతదానిలో చెంచాడు చెంచాడు కలుపుతూ మూడు నాలుగు వారాల్లో మార్చాలి. మొండికేసి రెండు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని కొత్త ఆపద వస్తుంది. అప్పుడు పాత తిండే పెట్టి, ఫాస్ఫరస్‌ను పేగుల్లోనే పట్టేసే మందు కలపడం గురించి డాక్టరును అడగాలి. పొడి గుళికల కన్నా తడి ఆహారం మేలు, నీళ్ళు దానంతట అవే లోపలికి పోతాయి. నీళ్ళగిన్నెలు ఇంట్లో నాలుగు చోట్ల, తిండికి దూరంగా పెట్టండి. దాహం ఎక్కువైందని నీళ్ళు తీసేసేవారున్నారు. అది చాలా ప్రమాదం. పిల్లి తాగుతున్నందువల్లే తట్టుకుంటోంది.

బీపీ మాట చాలామంది మరిచిపోతారు. 160 దాటి నిలకడగా ఉంటే మందు కావాలి. లేకపోతే కంటి రెటీనా ఊడి పిల్లికి ఒక్కసారిగా చూపు పోవచ్చు. మనం వాడే ఆమ్లోడిపిన్నే ఇస్తారు కాని మోతాదు పశువైద్యుడే చెప్పాలి. ఇంట్లో డబ్బాలోని నొప్పి మాత్రలు మాత్రం ముట్టించకండి. పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మన పదవీ విరమణ సభల్లో ఇచ్చే పూలగుత్తులతోనూ జాగ్రత్త. వాటిలో బాకా ఆకారంలో ఉండే పెద్ద లిల్లీ పూల రేకు, పుప్పొడి, ఆఖరికి పూలసీసాలో నీళ్ళు కూడా పిల్లి మూత్రపిండాలను రెండు మూడు రోజుల్లో పాడుచేస్తాయి. పూలబజారులో లిల్లీ పేరుతో అమ్మే నేలసంపెంగ అది కాదు, ఆ జాతి వేరు.

చిట్టికి ఇప్పుడు పద్నాలుగేళ్ళు, మూడో దశ. వారానికి రెండుసార్లు మెడ వెనుక వదులుగా ఉండే చర్మం కింద రింగర్ లాక్టేట్ ఎక్కిస్తాం. ఎంత ఎక్కించాలో డాక్టరు రాసిచ్చారు, సూది గుచ్చడం మా వారికి, నాకు నేర్పారు. బాటిల్‌ను గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే పిల్లి అంతగా విదిలించుకోదు. మొదటి నెల మా అత్తగారు గదిలోంచి వెళ్ళిపోయేవారు. "బతికిస్తున్నామా, బాధపెడుతున్నామా?" అని ఒకరోజు నిలదీశారు. అడగవలసిన ప్రశ్నే. డాక్టరుగారు మూడు విషయాలు చూసుకోమన్నారు: తనంతట తాను తింటోందా, ఒళ్ళు నాక్కుంటోందా, మనుషుల దగ్గరికి వస్తోందా. క్యాలెండరు మీద బరువు పక్కన ఆవిడ ఇప్పుడు ఇవి కూడా టిక్కు పెడుతున్నారు. ఈ మూడూ ఆగిపోతే సూదులు ఆపేద్దామని ముగ్గురం అనుకున్నాం.

వచ్చే నెల నాకు బదిలీ. ఊరు మారితే పిల్లి భయానికి తిండి, నీళ్ళు మానేస్తుంది. ఈ జబ్బున్న పిల్లికి ఒక్కరోజు నీటి కరవే చాలు దెబ్బతీయడానికి. అందుకని అదే ఆహారం రెండు నెలలకు సరిపడా, అదే ఇసుక, ఉతకని దాని పాత దుప్పటి సర్దుతున్నాం. రిపోర్టుల ఫైలు మాత్రం సామాన్ల లారీలో వేయకుండా నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటున్నాను. కొత్త ఊళ్ళో డాక్టరుతో ముందే మాట్లాడి, చేరిన వారంలోనే పరీక్షకు రోజు తీసుకున్నాం.