బుజ్జమ్మకి, లెన్సు గురించి

శ్రీకూర్మం



మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఫోకస్ రింగు బిగుసుకుపోయిందని నీ లెన్సు బాగుచేయడానికి పంపావట. రెండు మూడు నెలలు పడుతుందన్నారట. ఈలోగా వాడుకోవడానికి ఇంకోటి కొనాలని మెళ్లో గొలుసు తాకట్టు పెట్టే ఆలోచనలో ఉన్నావట. మీ అమ్మ గోరంత విని కొండంత చెబుతుందని నాకూ తెలుసు. కానీ కిందటి ఉత్తరంలో ఆ 50 ఎంఎం ఎఫ్ 1.1 గురించి నువ్వు రాసిన తీరు గుర్తొచ్చి నాకు నిద్ర పట్టలేదు. ఆ గొలుసు ఎవరిదో, నీ దాకా ఎలా వచ్చిందో నేను చెప్పక్కర్లేదు. మాట నిజమైతే ఆ పని మానుకో తల్లీ. అబద్ధమైతే సంతోషం. ఎలాగైనా మిగతాది చదువు.

లైకా ఎం6 కొన్న దగ్గర్నుంచీ నువ్వు 35 ఎంఎం లెన్సుతోనే తీశావు. నువ్వు పంపిన ఫొటోలన్నీ ఇక్కడ బీరువాలో వరసగా ఉన్నాయి. కళింగపట్నంలో వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఫొటో చూస్తే నువ్వు ఎంత దూరంలో నిలబడ్డావో నాకు ఇట్టే తెలుస్తుంది. ఆయన చేతులూ కనబడాలి, వెనక తెప్పా కనబడాలి. దానికి ఎక్కడ ఆగాలో నీ కాళ్లకే తెలుసు. ఆ తెలివి డబ్బు పెడితే వచ్చింది కాదు. ఇప్పుడు రెండు నెలల కోసం 50 తగిలించుకుంటే ప్రతిసారీ వెనక్కి జరగాలి. నువ్వు ఫొటోలు తీయడానికి వచ్చే డోలోత్సవం నాడు ఇక్కడి గుడి బయట జనంలో వెనక్కి జరగడానికి చోటేదీ? ఫాల్గుణ పౌర్ణమికి ఇక్కడ ఎలా ఉంటుందో నువ్వు చిన్నప్పుడు నా భుజం మీద కూర్చుని చూసిందే కదా.

50 మంచిది కాదని నేననను. 1950లో తిరువణ్ణామలైలో రమణ మహర్షి చివరి రోజుల్లో ఫొటోలు తీసిన కార్టియే-బ్రెసాన్ జీవితంలో చాలా భాగం 50తోనే గడిపాడు. ఆయన కన్ను దానికి అలవాటు పడింది. నీ కన్ను 35కి అలవాటు పడింది. అసలు లెన్సు తిరిగొచ్చే దాకా ఆ అలవాటు చెడకుండా కాపాడేదే నీకు కావలసిన లెన్సు. అంటే మళ్లీ 35, చిన్నది, సాదాది.

ఎఫ్ 1.1 అంటే వెలుగు ఎక్కువ వస్తుందంటావు. ఫాల్గుణంలో మన ఊరి ఎండకి 400 ఫిల్ము వేస్తే, ఎఫ్ 11 దగ్గర 1/1000 పెట్టాలి. నీ కెమెరాలో వేగం అక్కడితో ఆఖరు. ఇక ఎఫ్ 1.1 తెరిచేదెప్పుడు? అంత లావు లెన్సు వ్యూఫైండర్లో ఓ మూల కప్పేస్తుంది కూడా. ప్రదక్షిణ మండపంలో గోడల మీద బొమ్మల దగ్గర చీకటి కదా అంటావేమో. అద్దం ఎగిరే కెమెరా కాదు నీది, అదరదు. స్తంభానికి భుజం ఆనించి ఊపిరి బిగపట్టి 1/30 కొడితే ఎఫ్ 2.5 చాలు. గర్భాలయం వైపు కెమెరా ఎత్తే పనే లేదు, అది నీకు చెప్పక్కర్లేదు.

35 ఎందుకు చాలంటే ఇంకో సంగతి. ఎఫ్ 8 పెట్టి ఫోకస్ 5 మీటర్ల దగ్గర ఉంచితే రెండున్నర మీటర్ల నుంచి ఆకాశం దాకా అంతా స్పష్టంగా వస్తుంది. 50 అయితే అదే ఎఫ్ 8లో 10 మీటర్ల దగ్గర పెడితేగానీ ఆకాశం దాకా రాదు. అప్పుడు 5 మీటర్ల లోపలి మనుషులు మసక. జనంలో తిరిగే నీకు ఇదెంత ముఖ్యమో చూడు.

మా రోజుల్లో రెండో లెన్సు అన్న మాటే లేదు. శ్రీకాకుళంలో నేను పని నేర్చుకున్న స్టూడియోలో ఉన్నది యాషికా ఎలెక్ట్రో 35. 45 ఎంఎం ఎఫ్ 1.7, ఊడదీయడానికి వీల్లేని లెన్సు. బ్యాటరీ అయిపోతే ఆ కెమెరా 1/500 ఒక్కటే కొడుతుంది. పెళ్లి మధ్యలో అలా జరిగితే మా గురువుగారు పందిట్లోంచి పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ ఎండలోకి తీసుకొచ్చేసేవారు. పురోహితుడు విసుక్కునేవాడు. ఫొటోలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చేవి. రాత్రి ఊటీ నుంచి వచ్చే ఇందు ఫిల్ము కడుగుతూ కూర్చుంటే గురువుగారి భార్య చోడి అంబలి, ఉల్లిపాయ తెచ్చి తలుపు బయట పెట్టి, లోపల చీకటి కదా అని తలుపు కొట్టకుండా గాజులు చప్పుడు చేసేవారు. ఆ తల్లి చేతి అంబలి రుచి మాట మీ అత్తయ్య ముందు ఎత్తను.

ఆ గురువుగారే నాకు ఫంగస్ భయం పెట్టారు. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదువు బుజ్జమ్మా, ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం ఇదే.

నువ్వు కొనబోయేది పాత లెన్సు. ఎవరింట్లో, ఏ పెట్టెలో ఉందో తెలియదు. సముద్రం పక్క ఊళ్లలో గాలి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఫంగస్ బీజాలు గాలిలో అంతటా ఉంటాయి, వాటిని ఎవరూ ఆపలేరు. చీకటి, తేమ, కదలని గాలి, ఈ మూడూ చాలాకాలం కలిసి ఉంటే అవి గాజు మీద పెరుగుతాయి. మొదట పైపైనే ఉంటుంది. తర్వాత అది విడిచే ఆమ్లం గాజు మీది పూతని తినేస్తుంది, ఆ తర్వాత గాజునే. అక్కడి దాకా వస్తే ఎంత గొప్ప మెకానిక్కు తుడిచినా గుర్తు పోదు. తోలు కేసులో పెట్టి బీరువాలో దాచేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తోలు తేమని పట్టుకుని కూర్చుంటుంది. గురువుగారు చెక్క అలమారలో జీరో బల్బు రాత్రీ పగలూ వెలిగించి ఉంచేవారు, కరెంటు బిల్లుకి వాళ్లావిడతో గొడవపడి మరీ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస వైపు మన చుట్టాలింట్లో కరెంటు లేక, తేమకి పెళ్లి ఆల్బములు ఎలా అంటుకుపోయాయో మీ అమ్మనడుగు. కాగితానికి అంత జరిగితే, తేమలో మూతబడి ఉన్న గాజు సంగతేమిటి?

అందుకే, అమ్మేవాడు ఎంత తొందరపెట్టినా చూడకుండా తీసుకోకు. ముందూ వెనకా మూతలు తీసి, డయాఫ్రం పూర్తిగా తెరిచి, ఫోన్ టార్చి వెనక నుంచి ఏటవాలుగా కొట్టి ముందు నుంచి చూడు. సాలీడు దారాల్లా తెల్లటి పోగులు కనిపిస్తే వద్దని లేచి వచ్చెయ్. పొగ పట్టినట్టు మసకగా ఉన్నా వద్దు. రెండు మూడు ధూళి రేణువులుంటే ఫర్వాలేదు, ముందు గాజు మీద సన్నటి గీతలున్నా ఫొటో చెడదు. కొన్న తర్వాత గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న హైగ్రోమీటరు కొను. ముల్లు 40కీ 50కీ మధ్య ఉండాలి. సిలికా జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడు. ఇక్కడికి వచ్చేటప్పుడు ఆ డబ్బా తీసుకురావడం మరిచిపోకు. మీ అత్తయ్య పోపులపెట్టె పక్కన పెట్టిస్తానని బెంగపడకు, నా గదిలో చోటు చేసి ఉంచాను.

చవగ్గా వస్తుందని రష్యన్ జూపిటర్ గురించి కూడా రాశావు. జూపిటర్-8 పాత జైస్ సోనార్ నమూనా. మొహాలు మృదువుగా వస్తాయి, కాదనను. కానీ అది 50. పైగా నీ కెమెరాలో నువ్వు లెన్సులోంచి చూడవు. లెన్సు వెనకున్న అంచు కెమెరాలోని చిన్న చక్రాన్ని నెడితే, కిటికీలో రెండు బొమ్మలు ఒకటవుతాయి. రష్యన్ లెన్సుల లెక్క లైకా లెక్కతో అచ్చంగా కలవదు. దూరంలో తెలియదు. మీటరు దగ్గర ఎఫ్ 2లో మటుకు, కళ్ల మీద పెట్టిన ఫోకస్ ముక్కు మీదో చెవి మీదో పడుతుంది. 35 జూపిటర్-12 కూడా ఉంది గానీ దాని వెనక గాజు కెమెరా లోపలికి బాగా పొడుచుకొస్తుంది. ఒకసారి బల్ల మీద వెనక వైపు కిందికి పెట్టావంటే గీత పడ్డట్టే.

నీ ఆఫీసులో రేంజ్‌ఫైండర్ పట్టేవాళ్లు ఉన్నారన్నావు కదా, ముందు వాళ్లని అడుగు. రెండు నెలలకి ఎరువు అడగడంలో నామోషీ లేదు, అసలు లెన్సు రాగానే పిండివంటలతో సహా తిరిగిచ్చేద్దాం. దొరక్కపోతే కొసీనా వాళ్ల వోయిగ్ట్లాండర్ కలర్ స్కోపార్ 35 ఎఫ్ 2.5 చూడు. చిన్నది, తేలిక, అవసరం తీరాక అమ్ముకోవచ్చు. మర లెన్సు దొరికితే, దాన్ని నీ కెమెరాకి తగిలించే రింగు 35కి సరిపడేదే తీసుకో, లేకపోతే కిటికీలో తప్పు ఫ్రేము గీతలు లేస్తాయి. చైనావాళ్ల కొత్త 35లు కూడా వస్తున్నాయి. కొత్తవి కాబట్టి ఫంగస్ బాధ ఉండదు, అందుకే అవి నాకు ఇష్టమే.

లెన్సు చూడ్డానికి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే పొద్దున్నే వెళ్లు, వెలుగుంటుంది. నీ కెమెరా తీసుకెళ్లు. లెన్సు తగిలించి అనంతం దాకా తిప్పి, దూరంగా ఉన్న ఏదైనా గోపురం మీదో టవరు మీదో రెండు బొమ్మలు సరిగ్గా కలుస్తున్నాయేమో చూడు. తర్వాత బల్ల మీద టేపు ఏటవాలుగా పరిచి మీటరు దూరంలో, పూర్తిగా తెరిచి ఒక ఫ్రేము తియ్యి. ఫిల్ము కడిగి చూసే దాకా వాపసు తీసుకుంటానని దుకాణదారుడు చీటీ మీద రాసిస్తేనే డబ్బివ్వు. ఎంత తక్కువ పడుతుందో రాయి, సగం నేను పంపుతాను. మీ అమ్మకి చెప్పకు.

అత్తయ్య నీకోసం కందులు ఎండబెట్టింది, పప్పు కొట్టించి ఉంచుతుంది. పౌర్ణమికి రెండు రోజుల ముందే బయల్దేరు, ఆ రోజు శ్రీకాకుళం నుంచి బస్సులు కిక్కిరిసి ఉంటాయి.

మావయ్య