స్వల్ప వ్యయంతో స్వర లేఖనం: సాధనాల ఎంపిక

1902వ సంవత్సరంలో కలకత్తా నగరంలో సుప్రసిద్ధ గాయని గౌహర్ జాన్ గ్రామఫోను కంపెనీ కోసం పాడినప్పుడు ఆమె ఎదుట మైక్రోఫోను లేదు. ఒక పెద్ద బాకా మాత్రమే ఉన్నది. ఆమె కంఠధ్వని ఆ బాకా ద్వారా ప్రవేశించి, సూదిని కదిలించి, మైనపు పలకపై గాడిని చెక్కింది. ఒక్కొక్క పాటకు లభించిన వ్యవధి సుమారు మూడు నిమిషాలు. విద్యుత్తు సహాయంతో ధ్వనిని ముద్రించే పద్ధతి 1925లో గాని వాణిజ్య రంగంలో ప్రవేశించలేదు. అయినప్పటికీ ఆనాటి గళం నేటికీ మనకు వినిపిస్తూనే ఉన్నది. బాకాకు గాయకులు ఎంత దూరంలో నిలవాలి, వాద్యాలు ఎక్కడ ఉండాలి అనే విషయంలో ఆ కాలపు సాంకేతికులు చూపిన శ్రద్ధయే అందుకు ఒక ముఖ్య కారణం.

నేడు కొద్ది వేల రూపాయలతో ఇంటి గదినే స్వర లేఖన మందిరంగా మార్చుకొనే అవకాశం విద్యార్థులకు ఉన్నది. నాయనమ్మ పాడే జోలపాట, వీధిలోని పెద్దాయన తరన్నుంలో చదివే గజల్, జాతరలో వినిపించే బుర్రకథ ఏ కంపెనీ పట్టికలోనూ చేరకుండానే, పాడేవారితోపాటు అంతరించిపోవచ్చు. కనుక ఉన్న కొద్ది ధనాన్ని దేనికి ముందు, దేనికి వెనుక వినియోగించాలో తెలుసుకొనడం అవసరం. మొదట గది, పిదప మైక్రోఫోను, ఆ తరువాతనే తక్కిన సామగ్రి అన్నది అనుసరణీయమైన వరుస.

గది విషయం: ధ్వని మైకును రెండు మార్గాలలో చేరుతుంది. కంఠం నుండి నేరుగా వచ్చేది ఒకటి. గోడలను, పైకప్పును తాకి తిరిగి వచ్చేది రెండవది. ఖాళీ సిమెంటు గదిలో ఈ రెండవది అధికం. ఒకసారి ముద్రితమైన ప్రతిధ్వనిని తరువాత పూర్తిగా తొలగించడం దుస్సాధ్యం. పరుపులు, బొంతలు, దుప్పట్లు, పుస్తకాలు నిండిన అలమారలు దీనిని చాలవరకు తగ్గిస్తాయి. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించడం వలన చెప్పుకోదగిన ప్రయోజనం లేదు. అయితే బొంతలు వీధి చప్పుడును ఆపలేవు. అందుకు తెల్లవారుజామును ఎన్నుకొని, ఫంకా ఆపివేయడమే ఉపాయం.

మైక్రోఫోను విషయం: డైనమిక్, కండెన్సర్ అని ముఖ్యంగా రెండు రకాలు. డైనమిక్ మైకులో అయస్కాంత క్షేత్రంలో తీగచుట్ట కదిలి విద్యుత్తును పుట్టిస్తుంది. ఇది దృఢమైనది, చౌక ధరలోనూ లభిస్తుంది. కండెన్సర్ మైకు సున్నితమైన స్వరాలను కూడా గ్రహిస్తుంది; దానికి సాధారణంగా 48 వోల్టుల విద్యుత్తు అందించాలి. నిశ్శబ్దం లేని ఇంటికి డైనమిక్ మైకును దగ్గరగా ఉంచి వాడడం మేలు. దూరం రెండింతలైతే నేరుగా వచ్చే ధ్వని సుమారు 6 డెసిబెల్లు తగ్గుతుంది. ప్రతిధ్వని మాత్రం అంతగా తగ్గదు. కనుక పాడేవారి నోటికి జానెడు దూరంలో, ఊపిరి సూటిగా తగలకుండా కొంచెం పక్కకు మైకును నిలపాలి.

తక్కిన సామగ్రి విషయం: మైకు సంకేతాన్ని అంకెలుగా మార్చి కంప్యూటరుకు అందించేది ఆడియో ఇంటర్‌ఫేస్. కంఠానికి ఒకటి, హార్మోనియానికి ఒకటి చొప్పున రెండు ప్రవేశ మార్గాలు ఉంటే చాలును. మానవ శ్రవణానికి ఎగువ పరిమితి సెకనుకు సుమారు 20,000 కంపనాలు. కనుక సెకనుకు 44,100 లేదా 48,000 నమూనాలు తీసుకొంటే సరిపోతుంది. 1,92,000 అని ప్రకటించే యంత్రానికి అధిక ధర చెల్లించనవసరం లేదు. 24 బిట్లలో ముద్రిస్తే స్వర స్థాయిని కొంత తగ్గించి ఉంచినా నష్టం లేదు. ఉచితంగా లభించే ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్ ప్రారంభ దశలో చాలును.

చేతనున్న సొమ్మును పది భాగాలు చేస్తే, నాలుగు మైకుకు, నాలుగు ఇంటర్‌ఫేస్‌కు, మిగిలిన రెండు చెవులను మూసి ఉంచే హెడ్‌ఫోనుకు, స్టాండుకు, తీగలకు కేటాయించవచ్చు. అంత సొమ్ము లేనివారు నిరాశపడనవసరం లేదు. చేతిలోని ఫోనునే బొంతలు కట్టిన గదిలో జానెడు దూరంలో నిలిపి ముద్రించి చూడవచ్చు. అదే ఫోనుతో ఖాళీ గదిలో ముద్రించిన దానితో పోల్చి వింటే గది విలువ తెలియగలదు. కళాశాల కమిటీ పెద్దలు ఇటువంటి సామగ్రిని ఒక జత కొని గ్రంథాలయ పుస్తకాల వలె విద్యార్థులకు అరువిచ్చే ఏర్పాటు చేయగలిగితే, ఒకరి ఖర్చు పదిమందికి ఉపకరిస్తుంది.

ముద్రించే ముందు పాడేవారి అనుమతి పొందాలి. ముద్రించిన పిదప పేరు, ఊరు, తేదీ వ్రాసి, రెండు వేర్వేరు చోట్ల ప్రతులను భద్రపరచాలి. యంత్రం పాతబడితే మరొకటి కొనవచ్చును. మౌనమైపోయిన కంఠాన్ని తిరిగి తేలేము. కనుక మంచి సామగ్రి సమకూరేవరకు వేచియుండక, ఉన్నదానితోనే ఈ సెలవులలో పని ప్రారంభించుట శ్రేయస్కరం.