నీళ్లు మార్చకండి!

పెరట్లో చిన్న కొలను కట్టించి కలువ దుంప నాటారా? కొద్దిరోజుల్లోనే నీళ్లు పచ్చగా మారతాయి. చాలామంది కంగారుపడి, తోడిపారబోసి కొత్త నీళ్లు నింపుతారు. వారం తిరక్కుండా మళ్లీ పచ్చదనమే. ఆఖరికి ‘మా ఇంటికి కలువ అచ్చిరాలేదు’ అని తేల్చేస్తారు.

అచ్చిరాకేం! కొత్త నీళ్లలో పోషకాలున్నాయి, పైన ఎండ ఉంది, వాటిని వాడుకునే ఆకులే ఇంకా రాలేదు. ఆ సందులో నాచు పెరుగుతోంది. కలువాకులు నీటిని సగానికి పైగా కప్పేస్తే ఎండ లోపలికి దిగదు, నాచు దానంతటదే తగ్గుతుంది. మీరు నీళ్లు మార్చిన ప్రతిసారీ కథ మళ్లీ మొదటికొస్తుంది.

గ్రూప్‌-2కి చదివే కుర్రాళ్లదీ ఇదే తీరు. మొదటి మోడల్‌ టెస్టులో మార్కులు తగ్గగానే మెటీరియల్‌ మారుస్తారు, ఆపైన కోచింగ్‌ మారుస్తారు. ఏ పుస్తకమూ మూడో అధ్యాయం దాటదు. దీనికి భిన్నంగా, ఫ్రెంచ్‌ చిత్రకారుడు క్లాడ్‌ మోనే 1893లో జివెర్నీలో ఇంటి దగ్గరే స్థలం కొని కొలను తవ్వించాడు. 1926లో కన్నుమూసేదాకా కలువలనే దాదాపు 250 బొమ్మలు వేశాడు. శుక్లాలతో చూపు మసకబారితే 1923లో ఆపరేషన్‌ చేయించుకుని మరీ వేశాడు. ఆ పట్టుదల ముందు మన మొదటి టెస్టు మార్కులెంత?

అలాగని చేతులు ముడుచుకు కూర్చోమనడం లేదు. శ్రమంతా మొదట్లోనే పెట్టండి. దుంప నాటే తొట్టిలో బరువైన బంకమట్టి నింపండి, కోకోపీట్‌ అయితే పైకి తేలిపోతుంది. మట్టి మీద ఇసుక పరచండి. మొదట జానెడు లోతు నీళ్లు చాలు, కాడలు సాగేకొద్దీ పెంచండి. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. ఫౌంటెన్‌ జోలికి పోకండి, కలువకు కదలని నీళ్లే ఇష్టం. ఎరువును కాగితంలో పొట్లం కట్టి మట్టి లోపలికి దూర్చండి. నీళ్లలో చల్లారో, నాచుకే విందు. చదువులోనూ అంతే: పది వీడియోలు పైపైన చూసే గంటను ఒక్క పాఠం అడుగుదాకా చదవడానికి ఇవ్వండి.

ఇంకా చేయి ఊరుకోవడం లేదా? కళ్లకు పని చెప్పండి. విచ్చిన మొదటి రోజు కలువ నడుమ కాస్త ద్రవం నిలిచి ఉంటుంది. మర్నాటికి అది ఉండదు, కేసరాలు పుప్పొడి విడుస్తుంటాయి. ఇలాంటివి రోజూ గమనించేవాళ్లకు ఏది నిజమైన తెగులో, ఏది ఎదుగుదలో తేడా తెలిసిపోతుంది.

పండిన ఆకును మాత్రం వెంటనే మొదలంటా తుంచేయండి. దాన్ని కుళ్లనివ్వడం ఓపిక కాదు, నిర్లక్ష్యం. దోమలకు గప్పీ చేపలు నాలుగు వదలండి. వేసవిలో ఆవిరైనంత మేరకే నీళ్లు పోయండి. కుళాయి నీళ్లయితే ముందురోజే పట్టి ఉంచుకోండి, క్లోరిన్‌ చేపలకు పడదు.