మా నాయనగారి గడియారము

విద్యార్థులారా! నేడు వేళ తెలిసికొనుటకు చేతి గడియారముతో పనిలేదు. సెల్‌ఫోను చూచినచో గంటయు, నిమిషమే కాక తేదీయు తెలియును. అయినను కొందరు యాభై, అరువది యేండ్లనాటి కీ గడియారములను వెదకి సంపాదించి, బాగు చేయించి, నిత్యము ధరించుచున్నారు. ఈ ప్రీతికి కారణమేమి? నాకు బాగుగా తెలిసిన యొక గడియారము కథ చెప్పెదను, వినుడు.

భారత ప్రభుత్వము 1953లో బెంగుళూరున హిందుస్థాన్ మెషీన్ టూల్స్ అను సంస్థను స్థాపించెను. యంత్రములను తయారు చేయుటకు వలసిన యంత్రములను నిర్మించుట దాని పని. 1961లో ఆ సంస్థ జపాను దేశపు సిటిజెన్ కంపెనీ సహకారముతో చేతి గడియారముల కర్మాగారమును నెలకొల్పెను. హెచ్.ఎం.టి. అను పేరుతో వెలువడిన ఆ గడియారములు క్రమముగా ఊరూరికి చేరెను. పెండ్లికుమారునకైనను, పరీక్షలో నెగ్గిన కుమారునకైనను హెచ్.ఎం.టి. గడియార మిచ్చుట గొప్ప కానుకగా నుండెను. వానిలో 'జనతా' మిక్కిలి ప్రసిద్ధము. నల్లని డయలు గల 'పైలట్'ను నేటికిని కొందరు మక్కువతో వెదకుదురు. అంధులు మూత తెరచి, ముళ్లను వ్రేళ్లతో తాకి వేళ తెలిసికొను గడియారములను గూడ ఆ సంస్థ తయారు చేసెను.

కీ గడియారమునకు బ్యాటరీ యుండదు. ప్రక్కనున్న బొడిపెను త్రిప్పగా లోపలి పెద్ద స్ప్రింగు బిగిసి చుట్టుకొనును. అది మెల్లగా విడుచు బలముతో చక్రములు నడచును. వాని వేగమును అదుపులో నుంచునది ఇటునటు ఊగు బ్యాలెన్స్ చక్రము. దానికి వెండ్రుకవలె సన్నని వేరొక స్ప్రింగు అమరియుండును. జనతా గడియారమున ఈ చక్రము సెకనుకు 5 ఊపుల చొప్పున దినమునకు 4,32,000 ఊపులు ఊగును. ఇంత శ్రమకు తాళుటకై రాపిడి తగులు చోట్ల 17 కృత్రిమపు కెంపులను పొదిగిరి. కదలెడి చోట్ల సూదిమొనపై నిలుచునంత నూనె వేయుదురు.

మా నాయనగారు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు. 1972లో కొనిన జనతా గడియారము ఇరువదినాలుగేండ్లు వారి చేతి నుండెను. ప్రతిదినము ఉదయమున కాఫీ త్రాగిన పిమ్మట దానికి కీ యిచ్చెడివారు. 1996లో వారు గతించిరి. నేను ఆ గడియారమును పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో భద్రపరచితిని. ఏటేట ఆబ్దికము నాడు తీసి, కన్నుల కద్దుకొని, మరల లోపల నుంచెడివాడను.

2011లో మా అబ్బాయి "నాన్నగారూ, ఇది నడచునా?" అని యడిగెను. కీ యిచ్చితిని. నాలుగైదు మారులు టిక్కుమని ఆగిపోయెను.

మొదట వెళ్లిన దుకాణములో "పాత యంత్రము తీసివేసి, బ్యాటరీతో నడచు యంత్రము బిగించెదము. అరగంట పని" అనిరి. నాకు మనసొప్పలేదు. పైన మా నాయనగారి గడియారము, లోన మరియొకటి! అట్లు చేయుటకంటె ఆగిన గడియారమే మేలని తిరిగి వచ్చితిని.

విచారింపగా విచారింపగా తెనాలిలో ఒక వృద్ధుడు పాత గడియారములను బాగు చేయునని తెలిసెను. ఆయన కంటికి భూతద్దము తగిలించుకొని, మూత తీసి చూచి, నవ్వి యిట్లనెను: "మాస్టారూ, ఇది చెడలేదు. నూనె జిగురై గట్టిపడినది. మీరు దీనికి పూజ చేసితిరి గాని పని చెప్పలేదు."

ఆ మాట నాకు సూటిగా తగిలెను.

ఆయన ప్రతి భాగమును విడదీసి, పెట్రోలులో కడిగి, ఆరబెట్టి, నూనె వేసెను. అరిగిన యొక చక్రమునకు బదులు డబ్బాలోని పాడైన గడియారము నుండి మరియొకటి తీసి అమర్చెను. పిమ్మట నాకు కొన్ని జాగ్రత్తలు చెప్పెను. ప్రతిదినము ఒకే వేళకు కీ యియ్యవలెను. అప్పుడు గడియారమును చేతినుండి తీయవలెను. లేనిచో బొడిపె కాడ ప్రక్కకు వంగును. బిగువు తగిలిన తోడనే ఆపవలెను. నీరు, చెమట సోకనీయరాదు. అయస్కాంతము గల లౌడ్‌స్పీకరు దగ్గర నుంచరాదు. సన్నని స్ప్రింగు చుట్లు అంటుకొని గడియారము వడిగా నడచును. నాలుగైదేండ్లకొకమారు శుభ్రము చేయించి నూనె వేయింపవలెను. నూనె యెండిన గడియారమును నడిపినచో ఇరుసులు అరుగును.

ఆయన చెప్పిన మరియొక మాట నేను మరువలేదు. "విడిభాగములు ఎక్కడనైనను వెదకవచ్చును మాస్టారూ. నా పిమ్మట ఈ బల్లకడ కూర్చుండువారే లేరు."

2016లో కేంద్ర ప్రభుత్వము హెచ్.ఎం.టి. గడియారముల సంస్థ మూసివేతకు ఆమోదము తెలిపెను. అప్పటినుండి పాత గడియారములపై మక్కువ మరింత హెచ్చెను. దానితోపాటు మోసమును హెచ్చెను. వెలసిన డయలుకు కొత్త రంగు పూసి, వేర్వేరు గడియారముల భాగములు కూర్చి, అసలైనదని యమ్మువారు కలరు. తెలిసిన ప్రియులు మెరుగు చూచి మురియరు. మూత తీయించి లోపలి యంత్రమును చూతురు. పసుపు వన్నె తిరిగిన అసలు డయలునే కోరుదురు. వారు తమ గడియారములను మరమ్మతుకు తెచ్చుటచేతనే పనివారి విద్యయు కొంత నిలుచుచున్నది.

మా గడియారమిప్పుడు మా అబ్బాయి చేతి నున్నది. దినమునకు అరనిమిషము వెనుకబడును. అతడు ప్రతి ఉదయము సెల్‌ఫోను చూచి దానిని సరిదిద్ది, కీ యిచ్చును. మా నాయనగారి వేళ కూడ అదియే.

పెద్దల వస్తువును దాచుట సులభము. దానిని నడిపించుట శ్రమ. బాలబాలికలారా! మీ యింట ఆగిన గడియారమున్నచో పెద్దల యనుమతితో బయటికి తీయుడు. అయితే కీ యిచ్చుటకు ముందు తెలిసినవారికి చూపుడు.

ప్రశ్నలు

1. బ్యాటరీ యంత్రము బిగించుటకు రచయిత యేల ఒప్పుకొనలేదు?
2. "పూజ చేసితిరి గాని పని చెప్పలేదు" అను మాటకు అర్థమేమి?
3. కీ గడియారము నడచు తీరును మీ మాటలలో వ్రాయుడు.