చౌకధరల దుకాణమును పరీక్షించు విధము

పూర్వము రాజులు మారువేషమున నగరశోధన చేసెడివారని మనము కథలలో చదివియున్నాము. ఆ యుక్తి నేటికిని పనికివచ్చును. పంచాయతీ సభ్యులము మనము తనిఖీకి వెళ్ళిన దినమున చౌకధరల దుకాణములో తూకము సరిగనే యుండును. మాటయు మర్యాదగనే యుండును. కూలికి పోవు స్త్రీ కార్డు పట్టుకొని వెళ్ళినపుడు జరుగునదియే దుకాణపు నిజస్థితి.

2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ప్రాధాన్య కుటుంబములలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యమును, అంత్యోదయ కుటుంబమునకు 35 కిలోలను హక్కుగా నిర్ణయించినది. 5 కిలోలలో అరకిలో తరిగినచో హక్కులో పదవవంతు పోయినట్లే.

వేలిముద్ర యంత్రము వచ్చిన పిదప ఒకరి కార్డుపై మరొకరు సరకు తెచ్చుట కుదరదు. కావున వేరువేరు వాడలనుండి నలుగురైదుగురు కార్డుదారులను, వారి సమ్మతితో, ముందుగా ఎంచుకొనవలెను. వారు ఎప్పటివలెనే తమ సరకు తెచ్చుకొందురు. పిమ్మట అందరిని ఒకే ప్రశ్నలు అడుగవలెను:

1. దుకాణము వేళకు తెరచిరా?
2. ఎంతసేపు నిలువవలసివచ్చినది?
3. రసీదు ఇచ్చిరా?
4. వృద్ధులతో ఎట్లు మాటలాడిరి?

తెచ్చిన బియ్యమును తూనికల శాఖ ముద్రగల మరొక త్రాసుపై వెంటనే తూచి, రసీదుతో సరిచూడవలెను.

ఒక్కనాటి లోపమునుబట్టి తీర్పు చెప్పరాదు. యంత్రము మొరాయించుట డీలరు దోషము కాదు. లోపము నిజమని తేలినచో మొదట డీలరుతో మాటలాడి, మరుసటి నెల తిరిగి పరీక్షింపవలెను. అప్పటికిని మారనిచో నిఘా సంఘమునకు వ్రాయవలెను. సమాచారమిచ్చినవారి పేర్లు మాత్రము బయటపెట్టరాదు. డీలరును పట్టియిచ్చుట కాదు, పేదల సంచి నిండుటయే మన లక్ష్యము.