పాత మోటారు ఇంజనులో బిగుసుకొనిన క్రాంకుషాఫ్టు

చేవెళ్ళ నుండి మొయినాబాదు మీదుగా హైదరాబాదునకు పోవు రోడ్డు మఱ్ఱిచెట్ల నీడకు పేరుపొందినది. ఆ రోడ్డు ప్రక్కన మోటారు మరమ్మతు కొట్లును కలవు. మన విద్యార్థులలో కొందరు చదువు ముగిసిన పిదప అట్టి కొట్లలో పని నేర్చుకొనుచున్నారు. పాత ఇంజనును విప్పి, కడిగి, క్రొత్త బేరింగులు వేసి మరల కూర్చునప్పుడు క్రాంకుషాఫ్టు బిగుసుకొని తిరుగకుండుట తరచు కలుగు చిక్కు. అప్పుడు పానాకు పొడవైన గొట్టము తొడిగి బలిమిచే త్రిప్పువారు కలరు. అట్లు చేయరాదనియు, బిగువునకు కారణము వెదకుటకు ఒక క్రమము కలదనియు ఈ పాఠమునందు చూపెదము.

సైకిలు త్రొక్కునప్పుడు మన కాలు మీదికిని క్రిందికిని ఆడును. పెడలు కడ్డీ ఆ కదలికను గుండ్రని తిరుగుడుగా మార్చును. ఇంజనులో పిస్టను మోకాలివంటిది, కనెక్టింగురాడ్డు పిక్కవంటిది, క్రాంకుషాఫ్టు పెడలు కడ్డీవంటిది. ఈ షాఫ్టును ఇంజను బ్లాకులో పట్టియుంచునవి మెయిను బేరింగులు. 1489 సీసీల అంబాసిడరు పెట్రోలు ఇంజనులో ఇవి మూడు. ఒక్కొక్క బేరింగు రెండు అర్ధవలయములుగా నుండును. పనివారు వీనిని షెల్స్ అందురు. వీని వెనుకభాగము ఉక్కు, లోపలిభాగము మెత్తని లోహము. ఒకటి బ్లాకులోను, ఒకటి క్రింది క్యాపులోను కూర్చుండును.

నడుచు ఇంజనులో షాఫ్టు ఆ మెత్తని లోహమును ఒరయదు, నూనెపొరమీద తేలును. 1883లో ఇంగ్లండున బీచమ్ టవర్ అను ఇంజనీరు రైలుబండి ఇరుసు బేరింగులను పరీక్షించుచు, ఒకదాని పైభాగమున రంధ్రము చేసెను. ఇరుసు తిరుగగా ఆ రంధ్రమునుండి నూనె పైకి వచ్చెను. బిరడా కొట్టగా ఆ బిరడాయు వెలికి త్రోయబడెను. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ అను శాస్త్రజ్ఞుడు దీనికి గణితముచే కారణము చూపెను. తిరుగు ఇరుసు నూనెను సన్నని సందులోనికి ఈడ్చుకొనిపోవును. అచ్చట పుట్టిన ఒత్తిడియే బరువును మోయును. కావున తగిన సందు లేనిచో నూనెపొర నిలువదు. అది నిలువనిచో మెత్తని లోహము వేడెక్కి కరగును, షాఫ్టు గీతలు పడి చెడును.

ఆ సందు సాధారణముగా షాఫ్టు వ్యాసములో వేయింట ఒక వంతు. 2 అంగుళముల వ్యాసము గల షాఫ్టునకు అంగుళములో వేయింట 2 వంతులు, అనగా మిల్లీమీటరులో నూరింట 5 వంతులు. వెండ్రుకవాసి అను మాట ఇచ్చట అక్షరాల సరిపోవును. సరియైన కొలతకు ఆ బండి మరమ్మతు పుస్తకమే ప్రమాణము.

ఎంత బిగువు సహజమో మొదట తెలిసికొనవలెను. పిస్టనులు లేక, షాఫ్టు మాత్రమే నూనె పూసిన షెల్స్‌లో ఉండి, క్యాపులన్నియు నిర్ణయించిన టార్కునకు బిగించియున్నప్పుడు అది చేతితో తిరుగవలెను. పిస్టనులు కూర్చిన పిదప క్రొత్త రింగుల రాపిడిచే పానా కావలసివచ్చును. అది దోషము కాదు. అయితే షాఫ్టు ఒక్కచోటనే గట్టిగా పట్టి తక్కినచోట్ల వదలుచున్నచో, అది వంగియుండవచ్చును, లేదా రాడ్డు దేనినో తాకుచుండవచ్చును.

ఇక వెదకు క్రమము. మొదట రాడ్డు క్యాపులు విప్పి పిస్టనులను షాఫ్టునుండి వేరుచేయవలెను. ఇప్పుడు షాఫ్టు తేలికగా తిరిగినచో దోషము రాడ్డులవైపుననే ఉన్నది. వానిని ఒక్కొక్కటిగా మరల బిగించి ప్రతిసారి త్రిప్పి చూచినచో దోషముగల రాడ్డు దొరకును.

షాఫ్టు ఇంకను బిగువుగా నున్నచో, మెయిను క్యాపులలో ఒకదానిని వదలుచేసి త్రిప్పవలెను. దానిని మరల బిగించి తరువాతిదానిని వదలుచేయవలెను. ఏ క్యాపు వదలినప్పుడు షాఫ్టునకు విడుదల కలుగునో అచ్చట వెదకవలెను. పిమ్మట షాఫ్టును ముందునకును వెనుకకును నెట్టి చూడవలెను. ఏమాత్రము కదలనిచో థ్రస్టు వాషర్లు దళసరివి పడినవి, లేదా తారుమారుగా వేయబడినవి. అంబాసిడరులో ఇవి నడిమి బేరింగువద్ద నుండును. నూనెగాడులు గల ముఖము షాఫ్టువైపున నుండవలెను.

అనుమానము కలిగిన బేరింగును విప్పి నాలుగు సంగతులు చూడవలెను. ఒకటి, క్యాపు తన స్థానమున, తన ముఖముననే ఉన్నదా? కర్మాగారమున క్యాపును బ్లాకునకు బిగించియే రంధ్రము తొలుతురు గాన ఒకదాని చోట మరియొకటి సరిపడదు. రెండు, షెల్ వెనుక మట్టిగాని ఇనుపరజనుగాని చిక్కినదా? మూడు, షెల్ వెనుకనున్న అంకె షాఫ్టునకు తగినదేనా? షాఫ్టును అంగుళములో వేయింట 10 వంతులు మాత్రమే గ్రైండు చేయించి 020 అంకెగల షెల్స్ వేసినచో, అవి దళసరివగుటచే పట్టివేయును. నాలుగు, షెల్ అంచున మెరుపుగీత కలదా? ఉన్నచో గ్రైండు చేసినవారు షాఫ్టు మూలయందలి వంపును ఎక్కువగా వదలినారని అర్థము. ఇవన్నియు సరిగానున్నను బిగువు పోనిచో, షాఫ్టు వంపును, బ్లాకు వరుసను లేతుషాపులో డయల్ గేజితో పరీక్షింపించవలెను.

ఈ ప్రాంతపు ఒక కొట్టులో ఇట్టి ఇంజనునొకదానిని మేము విద్యార్థులతో కూడ చూచితిమి. రాడ్డులు విప్పగానే షాఫ్టు చేతితో తిరిగెను. మరల బిగించుచు రాగా రెండవ రాడ్డువద్ద పట్టెను. రాడ్డుమీద 2 అను అంకెయు, దాని క్యాపుమీద 3 అను అంకెయు ఉండెను. రెండు క్యాపులను మార్చి వేయగా బిగువు పోయెను. గొట్టము తొడిగి త్రిప్పలేదు గాన క్రొత్త షెల్స్‌కు హాని కలుగలేదు; యజమానికి మరల ఖర్చు తప్పినది.

మన ప్రాంతమున ఈ విద్య క్రొత్తది కాదు. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను ఆరంభింపబడెను. ఆ కాలపు ఇంజనులలో పెక్కింటికి మార్చుకొను షెల్స్ లేవు. 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ పేటెంటు పొందిన బేరింగులో వాడిన తగరపు మిశ్రమము వంటిదానిని కరగించి పోయుచుండిరి. తరువాత షాఫ్టునకు నీలిరంగు పూసి త్రిప్పి, రంగు అంటినచోట మాత్రమే చేతితో గీకుచుండిరి. ఎచ్చట పట్టుచున్నదో షాఫ్టే చూపవలెను. పనివాడు ఊహించి గీకరాదు.

ఇంకొక హెచ్చరిక. బిగువు పోవుటకై క్యాపును ఆకురాయితో అరగదీయుటయు, బోల్టులను కొంచెము వదలుగా నుంచుటయు బలిమికంటె చెడ్డవి. అప్పటికి ఇంజను తిరుగును. కొట్టువానికి కూలియు ముట్టును. కాని వదలిన బోల్టు ఊడినచో రాడ్డు బ్లాకును పగులగొట్టుకొని వెలికి వచ్చును. అది రాత్రివేళ రోగిని పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోవునప్పుడు జరిగినచో నష్టము ఇనుముతో పోదు. కనుక కూర్చునప్పుడే ఒక్కొక్క క్యాపు బిగించి, ఒక్కసారి షాఫ్టును త్రిప్పి చూచి, పిమ్మటనే తరువాతి క్యాపును చేపట్టవలెను. పట్టినచోటనే ఆగినచో చివర చూడవలసినది ఒక్క క్యాపే యగును.