పాపీ పువ్వు రంగులు ఏం చెబుతాయి?

కూరల్లో వేసే గసగసాలు మనందరికీ తెలుసు. అవి పాపీ అనే మొక్క గింజలు. ఆ కుటుంబానికే చెందిన మరో మొక్క ఐరోపా గోధుమ చేలల్లో కలుపుగా పెరిగి ఎర్రటి పువ్వులు పూస్తుంది. ఏటా నవంబరు వస్తే బ్రిటన్‌లో ఎంతోమంది కాగితంతో చేసిన ఈ పువ్వును కోటుకు తగిలించుకుంటారు. అందరి పువ్వూ ఒకే రంగులో ఉండదు. కొందరిది తెలుపు, కొందరిది ఊదా, కొందరిది నలుపు. ఈ తేడా అలంకారం కోసం కాదు. యుద్ధంలో పోయినవారిలో ఎవరెవరిని తలచుకోవాలి అనే ప్రశ్నకు ఒక్కో రంగు ఒక్కో జవాబు.

ఎర్ర పాపీ

1914 నుండి 1918 వరకు మొదటి ప్రపంచ యుద్ధం జరిగింది. బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో ఫిరంగి గుండ్లు పడి నేలంతా దున్నినట్లు తిరగబడింది. ఈ మొక్క విత్తనాలు మట్టిలో ఏళ్ల తరబడి మొలకెత్తకుండా ఉండగలవు. నేల కదిలి వెలుతురు తగిలితే మొలకెత్తుతాయి. అందుకే యుద్ధభూమిలో, సైనికుల సమాధుల మధ్య ఎర్ర పువ్వులు విరివిగా పూశాయి.

వాటిని చూసిన కెనడా సైనిక వైద్యుడు జాన్ మెక్‌క్రే 1915 మే నెలలో 'ఇన్ ఫ్లాండర్స్ ఫీల్డ్స్' అనే కవిత రాశాడు. అది చదివిన అమెరికా ఉపాధ్యాయురాలు మొయినా మైకేల్ 1918లో ఈ పువ్వును గుర్తుగా ధరించడం మొదలుపెట్టింది. ఫ్రాన్సు దేశస్థురాలు అన్నా గెరాన్ ఈ ఆలోచనను పలు దేశాలకు చేర్చింది. 1921 నవంబరు 11న బ్రిటిష్ లీజియన్ అనే సంస్థ బ్రిటన్‌లో తొలి పాపీ దినం జరిపింది. ఆ పువ్వుల డబ్బు మాజీ సైనికులకు, వారి కుటుంబాలకు వెళుతుంది. గాయపడి పని దొరకని సైనికుల కోసం 1922లో లండన్‌లో పాపీల తయారీ కర్మాగారమే పెట్టారు.

తెల్ల పాపీ

భర్తలను, కొడుకులను, అన్నదమ్ములను పోగొట్టుకున్న స్త్రీలకు ఒక భయం ఉండేది: మళ్లీ యుద్ధం వస్తే? 1933లో కోఆపరేటివ్ విమెన్స్ గిల్డ్ అనే మహిళా సంఘం తెల్ల పాపీని ప్రవేశపెట్టింది. తర్వాత పీస్ ప్లెడ్జ్ యూనియన్ దాన్ని కొనసాగించింది. దీని అర్థం మూడు మాటల్లో చెప్పవచ్చు. ఏ దేశంవారైనా, సైనికులైనా సామాన్యులైనా, యుద్ధంలో చనిపోయిన అందరినీ స్మరించడం. శాంతికి కట్టుబడటం. యుద్ధాన్ని గొప్పగా చూపే ధోరణిని వ్యతిరేకించడం. ఇది సైనికులను అవమానించడమేనని విమర్శించేవారు ఉన్నారు. అందరిలో సైనికులూ ఉన్నారని తెల్ల పాపీవారు జవాబిస్తారు. రెండు పువ్వులూ కలిపి పెట్టుకునేవారూ ఉన్నారు.

ఊదా పాపీ

యుద్ధంలో బండ్లు, ఫిరంగులు లాగి, బరువులు మోసి లక్షలాది గుర్రాలు, కంచర గాడిదలు చనిపోయాయి. వాటి జ్ఞాపకంగా 2006లో యానిమల్ ఎయిడ్ అనే సంస్థ ఊదా పాపీని తెచ్చింది. తర్వాత ఆ సంస్థ పువ్వుకు బదులు జంతువు పాదం గుర్తును తీసుకుంది. జంతువులు వీరుల్లా తమంతట తాము ప్రాణాలు ఇవ్వలేదు, మనుషులే తీశారు అన్నది వారి వాదన. ఊదా పాపీని మాత్రం ఇతరులు ఇప్పటికీ వాడుతున్నారు.

నల్ల పాపీ, ఖాదీ పాపీ

ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దీవుల ప్రజలు కూడా బ్రిటన్ పక్షాన పోరాడారు, బరువులు మోశారు. వారి పాత్ర మరుగున పడిందని 2010లో బ్లాక్ పాపీ రోజ్ మొదలైంది.

మరి మనవారు? మొదటి ప్రపంచ యుద్ధానికి మన దేశం నుండి పది లక్షలకు పైగా వెళ్లారు. 74,000 మందికి పైగా తిరిగి రాలేదు. వెళ్లినవారందరూ తుపాకీ పట్టినవారు కారు. వంట చేసినవారు, నీళ్లు మోసినవారు, బట్టలు ఉతికినవారు, ఊడ్చినవారు కూడా లక్షల్లో ఉన్నారు. యుద్ధం ముగిసి నూరేళ్లయిన సందర్భంగా 2018లో బ్రిటన్‌లో ఖాదీ బట్టతో చేసిన ఎర్ర పాపీని భారతీయుల గుర్తుగా విడుదల చేశారు.

రాయని పేర్లు

యుద్ధ మృతుల సమాధులను చూసే కమిషన్ 1917లో ఏర్పడింది. హోదా, జాతి, మతం తేడా లేకుండా అందరినీ సమానంగా స్మరించాలన్నది దాని నియమం. కానీ 2021లో ఆ కమిషన్ నియమించిన సంఘమే నిజం బయటపెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధ మృతుల్లో 45,000 నుండి 54,000 మందిని మిగతావారితో సమానంగా స్మరించలేదు. వీరిలో ఎక్కువమంది భారతీయులు, ఆఫ్రికావారు. మరో 1,16,000 మందికి, బహుశా ఇంకా ఎక్కువమందికి, ఎక్కడా పేరు కూడా రాయలేదు. దీనికి కారణం నాటి జాతి వివక్ష అని ఒప్పుకుని కమిషన్ క్షమాపణ చెప్పింది. చనిపోయాక కూడా మనిషికీ మనిషికీ మధ్య గీత గీశారన్న మాట!

మన పశ్చిమ గోదావరి ప్రాంతంలోని మాధవరం నుండి ఎంతోమంది సైన్యంలో చేరారు. అందుకే దాన్ని మిలటరీ మాధవరం అంటారు. మిగతా ఊళ్ల నుండి వెళ్లినవారి సంగతి మనకు అంతగా తెలియదు.

మిత్రులారా! ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తాతమ్మలను, తాతయ్యలను అడగండి. మన ఊరి నుండి యుద్ధానికి ఎవరైనా వెళ్లారా? వంటవాడిగా వెళ్లినా, ఊడ్చే పనికి వెళ్లినా సరే, ఆ పేరు మీ నోటు పుస్తకంలో రాసుకోండి. ఏ రంగు పువ్వయినా చేయాల్సిన మొదటి పని అదే.